ట్యాంకు దగ్గర మీ అన్న రాత

ఫునాఫుటి దీవి

తమ్ముడు తెలావికి,

మీ సెము అన్న సముద్రంలో పోయాక కూడా, మనింటి వాననీళ్ల ట్యాంకు దగ్గర మీరిద్దరూ బిగించిన తెర పనిచేస్తూనే ఉంది. ఆ ఎల్సీడీకి సొంత అక్షరాలుండవని, ఒక్కో అక్షరాన్నీ చుక్కలు చుక్కలుగా తన చేతిరాతలోనే గీసి ప్రోగ్రాంలో ఎక్కించాడు కదా. "కోడి కెలికినట్టుంది అన్నా" అని నువ్వు వెక్కిరించావు కూడా.

ట్యాంకులో నీళ్లుంటే తెర మీద ఏమీ ఉండదు. అడుగంటితేనే "అమ్మా, కుళాయి కట్టెయ్" అని వస్తుంది.

ఇక్కడ వానల్లేవు. మనిషికి రెండు బకెట్లే ఇస్తున్నారు. అయినా అత్తయ్య ట్యాంకు కుళాయి తిప్పి, మిగిలిన నీళ్లన్నీ ఇసుకలోకి వదిలేస్తోంది.

"మతి పోయిందా అత్తయ్యా? పక్కింటోళ్లు చూస్తే ఊరుకుంటారా?" అని అరిచాను.

"నీళ్లుంటే వాడు పలకడం లేదే. నన్నేం చెయ్యమంటావు?" అంది.

అందుకని నువ్వొచ్చి ఆ ప్రోగ్రాం మార్చు. ట్యాంకు నిండా నీళ్లున్నా ఆ మాట కనపడాలి. అక్షరాల జోలికి మాత్రం పోకు.

త్వరగా రా, తమ్ముడూ. నిన్న అత్తయ్య చర్చికి వెళ్లింది. కుళాయి నేనే తిప్పాను.

మీ వదిన