మీ తమ్ముడి దగ్గర కూర్చో

వదినా, నువ్వు నీళ్లకు వెళ్లావు, నాకేమో బస్సు వేళయింది. అంగన్‌వాడీ మీటింగుకు అనంతపురం పోతున్నాను, సాయంత్రానికి వస్తాను. సంగటి గిన్నెలో ఉంది. మీ తమ్ముడు తిన్నాకే మాత్ర ఇవ్వు, మింగేదాకా పక్కనే ఉండు. గదిలో ముసుగుతన్ని పడుకోనీయకుండా కాసేపు వసారాలో కూర్చోబెట్టు. ఆయన పలకకపోయినా నువ్వు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు, డాక్టరమ్మ అదే చెప్పింది.

పక్కింటి నాగన్న వస్తే వాకిట్లోనుంచే పంపించెయ్. మొన్న వచ్చి, "ఏమప్పా కేశవా, రైలు నడిపేటోళ్లకు ఇయన్నీ మామూలే, మర్సిపో" అన్నాడు. ఆ ముసలామె బండి కింద పడి ఆరు నెలలైనా, బ్రేకు వేసినా బండి ఆగలేదని అందరికీ తెలిసినా, మీ తమ్ముడు ఆ రోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం నేను పలకరిస్తే, "ఆమె నన్ను సూసింది, మల్లీ. ఆ సూపు యెట్ల మర్సిపోవాల?" అన్నాడు.

మాత్రలు మూడుసార్లు మార్చారు. డాక్టరమ్మ ఇంకా ఓపిక పట్టమంటుంది. నాకు మాత్రం ఆయన మళ్లీ మునుపటి మనిషవుతాడన్న ఆశ లేదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీకే రాస్తున్నాను.

మల్లీశ్వరి

ఇంకొకటి. పొద్దున నేను జడ వేసుకుంటుంటే ఆయన చాలాసేపు చూసి, "నువ్వు బాగుండావా?" అని అడిగాడు. ఇన్ని నెలల్లో నన్ను ఆ మాట అడిగింది ఆయనొక్కడే. జడ సగంలో వదిలేసి వంటింట్లోకి పోయాను.