మామగారికి ఓట్స్ వండిన రోజులు

జూన్ 3, సోమవారం. ఉదయం 6:10
ఈ రోజు నుంచి ఇరవై ఒక్క రోజులు ఇంట్లో టిఫిను బాధ్యత నాది. మామగారికి గుండెలో స్టెంట్ వేశారు. కోలుకునేదాకా మా ఇంట్లోనే ఉంటారు. మా ఆవిడ నర్సు. ఈ నెలంతా రాత్రి డ్యూటీ, ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. ఓట్స్ ఉడికించడమేగా, నేను చూసుకుంటానని మాటిచ్చేశాను. లిఫ్టులు బాగుచేసేవాడికి ఓట్స్ ఒక లెక్కా?
కొన్నవి: ముక్కల ఓట్స్, పలచగా నొక్కినవి, మూడు నిమిషాల రకం, ఓట్స్ పిండి. రోజుకో రకం.
చిక్కల్లా ఒకటే. మామగారు నాతో మాట్లాడరు. తనకు చెప్పకుండా కూతుర్ని పెళ్ళి చేసుకున్నానని పన్నెండేళ్ళుగా మాటల్లేవు. నాతో పనిపడితే మా అమ్మాయితో చెప్పిస్తారు.

జూన్ 4. 7:00
పలచటి ఓట్స్, పాలు, అరటిపండు. అమోఘం. మామగారు గిన్నె ఖాళీ చేశారు!
7:40. సగం మా అమ్మాయి గిన్నెలోకి ఒంపారని తెలిసింది.

జూన్ 6. 7:15
ముక్కల ఓట్స్. నలభై నిమిషాలు ఉడికించాలని ప్యాకెట్ మీద ఉంది. తర్వాత చదివాను. మామగారు కట్టుడు పళ్ళు తీసి, కడుక్కుని, మళ్ళీ పెట్టుకుని, ఈ కంకర ఎక్కడ కొన్నాడో మీ నాన్నని అడగమని అమ్మాయితో అన్నారు.

జూన్ 8, శనివారం. 7:30
మూడు నిమిషాల రకం. పొయ్యి మీద పెట్టగానే ఫోను. ఒక లిఫ్ట్ రెండు, మూడు అంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల పళ్ళ డాక్టరు. ఆయనకి ధైర్యం చెబుతుంటే ఇక్కడ ఓట్స్ గట్టిపడింది. గరిటె నిటారుగా నిలబడింది. గిన్నె బోర్లించినా కింద పడలేదు.
అమ్మాయి స్నానానికి వెళ్ళింది. కబురు మోసేవాళ్ళు లేరు. మామగారు స్నానాలగది తలుపు వంక చూసి, "ఇది తినడానికా, గోడకి పూయడానికా?" అన్నారు.
నాతోనే. పన్నెండేళ్ళకి.
"రెండిటికీ పనికొస్తుంది మామగారూ" అన్నాను. ఆయన మీసం కదిలింది.

జూన్ 11. 8:00
ఓట్స్ పిండితో పాన్‌కేక్. పెనాన్ని వదల్లేదు. స్క్రూడ్రైవర్‌తో గీకాను. మామగారు కుర్చీ లాక్కుని వంటింట్లోనే కూర్చున్నారు. దర్జీగా ఉన్నప్పుడు ఒక లాయరు కోటుకి ఎడమ చెయ్యి రెండంగుళాలు పొట్టిగా కుట్టి, ఆయన చెయ్యే పొడుగని నమ్మించారట. కడుపు పట్టుకుని నవ్వాం. ఆ కడుపులు ఖాళీ. వీధి చివర బేకరీ ఉందని నేనే అన్నాను. ఒక్కసారికి ఏమవుతుంది. వెన్న బన్నులు, చెరో రెండు.

జూన్ 12
బేకరీ. ఓట్స్ డబ్బా మూత రాలేదు.

జూన్ 13
గ్యాస్ అయిపోయింది. (అయిపోలేదు.) బేకరీ.

జూన్ 15
వాన. వానలో ఓట్స్ ఎవరు తింటారు? పఫ్‌లు.

జూన్ 19. 8:20
ఆవిడ వచ్చేలోగా గిన్నెలకి కాస్త ఓట్స్ పూసి సింకులో పడేస్తున్నాం. పూత పని మామగారిది. దర్జీ చెయ్యి కదా, అచ్చం తిన్నట్టే ఉంటుంది. ఆవిడ ముందు మాత్రం ఇద్దరం మాట్లాడుకోం. మాట్లాడితే కూపీ లాగుతుంది, బేకరీ బయటపడుతుంది. మా అమ్మాయి కూడా నోరు విప్పదు. దానికి రోజుకో పఫ్.

జూన్ 24, సోమవారం. సాయంత్రం 5:00
మామగారి రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. కొవ్వు తగ్గలేదు సరికదా, పెరిగింది. ఆవిడ కేకలు వేస్తుందనుకున్నాను. వేయలేదు. డ్యూటీ బట్టలు చేతిలో పట్టుకుని మంచం అంచున కూర్చుంది.
"పొద్దున మెట్లెక్కుతూ, గుమ్మం దగ్గర నాన్న చెప్పులున్నాయా అని చూస్తాను. వార్డులో గుండె జబ్బువాళ్ళని చూసీ చూసీ భయం పట్టుకుంది" అంది.
బేకరీకి పట్టుబట్టి లాక్కెళ్ళింది తనేనని, అల్లుడు వద్దంటూనే ఉన్నాడని మామగారు చెప్పారు. పచ్చి అబద్ధం. ఆయన నోట అల్లుడన్న మాట వినడం అదే మొదలు. నోరు మూసుకుంటే బతికిపోయేవాణ్ణి. మూసుకోలేకపోయాను. ముందు అన్నది నేనేనని ఒప్పేసుకున్నాను.
ఆవిడ మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.
"మీరిద్దరూ ఎప్పటినుంచి మాట్లాడుకుంటున్నారు?"

జూన్ 25, మంగళవారం. ఉదయం 6:05
మొదటి రోజు. ఈసారి నలభై ఐదు రోజులు. కొత్త రకం: ఓట్స్ తవుడు. ఇది గేదెలకు పెట్టేది కదా అని సణుగుతూనే మామగారు గరిటె అందుకున్నారు. ఉప్పు ఆయనా వేశారు, నేనూ వేశాను.
8:40. ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. బ్యాగు దించి, కుర్చీ లాక్కుని, ఇంకో చెంచా తీసుకుంది.