అత్త మంచం మీది ఫ్యాన్

మే 9, 1998

ఇవాళ కూడా వైర్‌మన్ రాలేదు. పెళ్లిళ్ల సీజనట, లైట్లు కట్టడానికి నక్కపల్లి పోయాడట. మా ఆయన నాగేంద్ర బెల్లం లారీ వేసుకుని ఒరిస్సా వెళ్లాడు. పోయేముందు ఫ్యాన్ కొని, డబ్బా మూల పెట్టి, వచ్చాక బిగిస్తానన్నాడు. ఎప్పుడొస్తాడో తెలీదు. అత్తకి పక్షవాతం వచ్చి కుడిపక్కా, మాటా రెండూ పోయాయి. ఈ ఉక్కకి వీపు ఒరుసుకుపోతోంది. పొద్దున తుడుస్తుంటే గుడ్డకి తోలు అంటుకొచ్చింది.

నేనే బిగిస్తాను. స్లాబుకి హుక్కు ఉంది. వైర్లు దిగి ఉన్నాయి.

మే 10, మధ్యాహ్నం

బిగించేశాను!

మెయిన్ దగ్గర ఫీజు పీకి బొడ్లో దోపుకున్నాను, ఎవరైనా తెలీక పెట్టేస్తారేమోనని. అత్త మంచం పక్కకి లాగాం. పక్కింటి సోమలమ్మ స్టూలు పట్టుకుని గొణుగుతూనే ఉంది. "కరెంటుతో ఆటలేటే పుష్పా? మీ ఆయన్ని రానీ." మోటారు అంత బరువుంటుందని అనుకోలేదు. భుజమ్మీద మోస్తూ ఒంటి చేత్తో హుక్కులోంచి బోల్టు దూర్చి నట్టు బిగించాను. చెమట కళ్లలోకి కారింది. ఒకసారి తూలాను. సోమలమ్మ కెవ్వుమంది.

ఫీజు పెట్టి స్విచ్ వేశాను. తిరిగింది. మంచం మళ్లీ దాని కిందికి లాగాం. గాలికి అత్త కళ్లు మూసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

మే 12

అత్త నిద్రపోవడం లేదు. చూపంతా ఫ్యాన్ మీదే.

మే 13

మంచం మీద కూర్చుని గంజి పట్టబోతే ఎడంచేత్తో తోసేసింది. గంజంతా ఒలికింది. గొంతులోంచి ఒకటే అరుపు. నేను లేచి గోడ దగ్గరికి పోగానే ఊరుకుంది.

మాట ఉన్న రోజుల్లో ఒకసారి, "మా కోడలు కూరలో ఏదో కలిపేస్తాది" అని సోమలమ్మతో అంది. ఇప్పుడూ అదే అనుమానమా? కోడలు బిగించిన ఫ్యాన్, కింద కదల్లేని అత్త. నిజంగా పడితే? ఊరంతా అదే మాట అనదూ? నాగేంద్ర మాత్రం అనకుండా ఉంటాడా?

మే 14

టిక్ టిక్‌మని చప్పుడు. నాకే వినిపిస్తోందా?

మే 15

గుమ్మంలో నిలబడి చూశాను. బోల్టు బాగానే ఉంది. సోమలమ్మ కూడా చూసి, "అన్ని ఫేన్లూ ఊగుతాయే, నీది మరీ సోద్యం" అంది. అయినా ఆపేశాను. కాసేపటికే అత్త కింద దుప్పటి తడిసింది, పుండు చెమ్మగిల్లింది. మళ్లీ వేశాను. స్పీడు తగ్గించాను. ఆవిడ మళ్లీ పైకే చూస్తోంది.

మే 16, సాయంత్రం



మధ్యాహ్నం ఉండబట్టలేక అత్త పక్కనే పడుకున్నాను. "సూడత్తా, పడితే నా మీదా పడతాది" అన్నాను. ఆవిడ నా జబ్బ పట్టుకుని తోసింది. గోళ్లు దిగాయి. నేను కదల్లేదు. మొండిగా ఆవిడ తలగడ మీదే తల పెట్టి పైకి చూశాను.

గుమ్మంలోంచి చూస్తే బోల్టు తల కనిపిస్తుంది. నట్టు గోడవైపుంది. ఆ తలగడ మీంచి తప్ప కనబడదు. అది బోల్టు కొసకి వచ్చేసింది. నేను చూస్తుండగానే ఇంకాస్త తిరిగింది.

ఎలా లేచానో తెలీదు. అత్తతో సహా మంచాన్ని కాళ్లు పట్టి ఈడ్చాను. "సోమలమ్మా, బేగి రా!" అని అరిచాను. ఆవిడ వచ్చేసరికి మంచం గోడకి తగిలింది. స్విచ్ ఆపాను. రెక్కలు ఆగేదాకా ముగ్గురం పైకే చూశాం. పడలేదు.

సోమలమ్మ కింద నుంచి కర్రతో మోటారు ఎత్తిపట్టింది. నేను స్టూలెక్కాను. వేలు తగలగానే నట్టు ఊడి చేతిలోకొచ్చింది. నట్టు జారకుండా బోల్టు కొసన దూర్చే పిన్ను నేను పెట్టనే లేదు. డబ్బా అడుగున దొరికింది. దూర్చి, కొసలు రెండూ కటింగ్ ప్లేయర్‌తో మడిచాను. ఎంత మడిచినా చాలదనిపించింది.

ఇన్నాళ్లూ అత్త అది చూస్తూనే ఉంది. తను కదలా లేదు, చెప్పా లేదు. నేను దాని కింద కూర్చున్నప్పుడల్లా పక్కకి తోసింది.

జబ్బ మీద గోళ్ల గీతలకి పసుపు రాసుకున్నాను.

మే 19

కరెంటు పోయింది. మంచం అంచున కూర్చుని విసురుతున్నాను. అత్త చాలాసేపు పెదాలు తిప్పింది. ఎట్టకేలకు ఒక మాట తెచ్చుకుంది.

"తొంగో."

ఎడంచెయ్యి నెమ్మదిగా పక్కకి జరిపి నాకు చోటిచ్చింది. పడుకున్నాను. కరెంటు అప్పుడే రాకూడదని దణ్ణం పెట్టుకున్నాను.