శాంసన్ కూర్చున్న చోటు

నంద్యాల,
ఆదివారం.

చెల్లెలు సుకన్యకు అక్క దీవెనలు.

ఇక్కడ నేనూ మీ బావా కులాసాగానే ఉన్నాం. హుబ్బళ్లిలో మీరంతా చల్లగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున్నే నడకకు పోతున్నారు. రిటైరయ్యాక కూడా ప్రతి శనివారం ఆళ్లగడ్డ బస్సెందుకు ఎక్కుతున్నావని అడిగావు. ఆ సంగతి ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను.

పూర్వం వ్యాపారులు లెక్కలు ఎలా రాసేవారన్న దానిమీద కొత్తగా పరిశోధన మొదలుపెట్టిన పిల్లలకు, మేం పాత కామర్స్ లెక్చరర్లం కొందరం తోడుంటున్నాం. ఆళ్లగడ్డలో ఒక పత్తి వ్యాపారి తాతలనాటి చిట్టాలున్న మేడగది మాకు వదిలాడు. ఆ గొలుసుకట్టు రాత చదవడం నేర్పడం, పిల్లల వ్యాసాలు దిద్దడం నా పని.

మొదట వచ్చినవాడు వెలుగోడు కుర్రాడు శాంసన్. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎడమచేతి వేలు పెట్టి చదివేవాడు. నన్ను 'మేడమ్మా' అనేవాడు. వాడొక్కడే అలా పిలిచేది. పోయిన వానల్లో విషజ్వరంతో పోయాడు. రాస్తున్న వ్యాసం వాక్యం మధ్యలో ఆగిపోయింది. అది నా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు.

తర్వాత పగిడ్యాల నుంచి రమ్య వచ్చింది. ఆ అమ్మాయికి శాంసన్ ఎవరో తెలియదు. ఆ కుర్చీలోనే కూర్చుంది. రెండో వారానికే ఎడమచేతి వేలు పెట్టి చదవసాగింది. ఒకనాడు తలెత్తకుండానే, "మేడమ్మా, ఈడ చెయ్యి మారింది సూడు. రాసినోడు వేరే" అంది. తర్వాత తన వ్యాసం తెచ్చిచ్చింది. అది వాక్యం మధ్యనుంచి మొదలైంది. శాంసన్ ఆపిన మాటకు సరిగ్గా తర్వాతి మాటతో.

సుకన్యా, ఇది బావకు కూడా చెప్పలేదు. అప్పుడే నేను ఆ పిల్లను అక్కడినుంచి లేపి పంపాల్సింది. పంపలేదు. శాంసన్ తన వ్యాసంలో జవాబు చెప్పకుండా వదిలిన ప్రశ్నలు ఒక్కొక్కటే రమ్యను అడగసాగాను. ఆ పిలుపు మళ్లీ వినాలని. అమ్మాయి చిక్కిపోతున్నా, తెచ్చుకున్న అన్నం ముట్టకపోయినా చూడనట్టే ఉన్నాను.

చివరికి వాళ్లమ్మ ఫోన్ చేసింది. "మా పాప నిద్దట్లో ఏందో లెక్కలు సదువుతాండాది మేడం. గొంతు దానిది కాదు. మగోనిది" అంది.

మర్నాడే రమ్యను నంద్యాలలో మా ఇంటికి పిలిచి కూర్చోబెట్టి, అంతకుముందు ఆ కుర్చీలో శాంసన్ అనే అబ్బాయి ఉండేవాడని చెప్పాను. అది భయపడలేదు. "శాంసనా? ఎన్నిసార్లడిగినా పేరు మాత్రం చెప్పకుండె ఆయప్ప" అంది.

ఇక దాన్ని ఆళ్లగడ్డకు పోనివ్వలేదు. నంద్యాలలోనే వేరే పని చూపించాను. ఇప్పుడు కడుపునిండా తింటోంది, 'మేడం' అని పిలుస్తోంది. తన వ్యాసం తనే మొదటినుంచి రాసుకుంటోంది. శాంసన్ వ్యాసాన్ని వాడు ఆపిన చోటే ఆపి, వాడి పేరుతోనే, మేం పిల్లల వ్యాసాలతో వేసే సంచికకు పంపాను.

ఇక ఆ గది వద్దనుకుని, నిన్న దాన్ని వ్యాపారికి అప్పగించడానికి ఒక్కదాన్నే పోయాను. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి కుర్చీమీద పడుతోంది. ఎదురుగా కూర్చుని, వ్యాసం అచ్చవుతోందని గట్టిగానే చెప్పాను. లేచి బయటికొచ్చి బీగం తిప్పుతుంటే లోపల కుర్చీ వెనక్కి జరిగింది. పెద్దలు పోతుంటే పిల్లలు లేచి నిలబడినప్పుడు వచ్చే చప్పుడది.

తలుపు తీయలేదే. మెట్లు దిగి వచ్చేశాను.

ఇట్లు,
నీ అక్క
రామేశ్వరమ్మ