అరటితోటలో ఇద్దరు సేనాధిపతులు

మంగళవారం, రాత్రి.

ఏనుగుల మీద మన సంయుక్త సేనల దండయాత్ర ఘనంగా ముగిసింది. మా నాయన అరటితోట కోతకొచ్చిన వేళ నేలమట్టమైంది.

పథకం సులువైనదే. మా ఊరూ పక్కూరూ కలిసి రోడ్డు వైపు నిలబడి డప్పులు కొట్టాలి, తోటలో పడ్డ ఏనుగులు వెళ్లేందుకు కొండ దారి వదిలేయాలి. మాకు పెద్దనాయన సేనాధిపతి, వాళ్లకు రెడ్డెప్ప. ఎవరు ముందు నడవాలన్న దగ్గరే పొత్తు చెడింది. రెడ్డెప్ప అలిగి, తన బలగంతో చుట్టూ తిరిగి కొండ వైపు నుంచే టపాకాయలు పేల్చాడు. బెదిరిన ఏనుగులు మా తోటలోకి తిరిగొచ్చాయి.

"దావ మూసేసి యుద్ధం చేస్తావా?" అని పెద్దనాయన కేకలేశాడు.

"నీ డప్పుకు బెదిరేదానికి అవి మేకలా అప్పా?" అంటూ రెడ్డెప్ప దిగొచ్చాడు.

ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. విడిపించడానికి రెండు సేనలూ అక్కడికే చేరాయి. కొండ దారి ఖాళీ అవగానే ఏనుగులు తాపీగా వెళ్లిపోయాయి.

నాకు ఒళ్లు మండిపోతోంది. వాటిని తరిమింది తానంటే తానని ఇద్దరూ ఇప్పుడు మా వసారాలోనే వాదించుకుంటున్నారు. వాళ్లకు కాఫీ ఇమ్మని అమ్మ నాకు గ్లాసులు అందించింది. నాయన మాత్రం గోడవైపు తిరిగి పడుకుని అన్నాడు.

"ఏనుగులే నయం రా. తిని పోయినాయి."