పిన్ను మీది తొడుగు

చిరంజీవి బావమరిదికి బావ ఆశీస్సులు.

నీ కొట్లో కొన్న కరెంటు స్పీకరుకి నా జేబు ప్లేయరు తగిలించాను. కిక్కురుమనదు. శుక్రవారం ఆఫీసులో నా రిటైర్మెంటు సభ. ప్రసంగం బదులు నేను పాడి దాచుకున్న పాట వినిపిస్తానని నోటీసు బోర్డులో పెట్టేశాను కూడా. ముప్పై నాలుగేళ్లు నా నోట "ఆ ఫైలేదీ?" తప్ప వినని జనం, ఒక్కరోజైనా నా గొంతు వినాలని ఆశ. ఏం చెయ్యాలో రాయి. ఫోన్ చెయ్యకు, నోటిమాటకి రుజువుండదు.

మీ బావ

తా.క.: వైరు తొడుగులు ఒక్కటీ తియ్యలేదు. మా టీవీ రిమోటు పదేళ్లుగా కవర్లోనే ఉంది కదా!

బావగారికి నమస్కారాలు.

కంగారు పడకండి. స్పీకరు స్విచ్చి వెయ్యండి. వైరు ఒక కొస ప్లేయరుకి ఇయర్‌ఫోన్ పెట్టే బెజ్జంలో, రెండోది స్పీకరు వెనక "ఇన్" అని ఉన్నచోట గుచ్చండి. రెండింటి వాల్యూమూ పెంచండి. అప్పటికీ పలక్కపోతే ప్లేయరు బొత్తాలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూడండి.

విధేయుడు, బావమరిది

తా.క.: తొడుగులు మాత్రం చచ్చినా తియ్యకండి. దుమ్ము పడితే వారంటీ పోతుంది.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు చెప్పినవాటికి వరస నంబర్లు వేసి, ఒక్కోటీ చేసి, టిక్కు పెట్టి, కింద సంతకం చేశాను. నా సంతకానికి లొంగని వస్తువుని ఇప్పుడే చూస్తున్నాను. ఎర్ర బొత్తం నొక్కితే ప్లేయరు మీద చిన్న దీపం వెలిగింది. ప్రాణమొచ్చిందనుకుని అలాగే వదిలేసి స్నానానికెళ్లాను. తిరిగొచ్చేసరికి మీ అక్క ఆ పక్కనే కూర్చుని నీతో ఫోన్లో మాట్లాడుతోంది. నా కోసం ఎంత తాపత్రయమో పిచ్చిది!

మీ బావ

తా.క.: "పాట వినిపించకపోయినా మీ మీద గౌరవం తగ్గదండీ" అంటోంది. కళ్లు చెమర్చాయి.

బావగారికి నమస్కారాలు.

స్పీకరు కొత్తది కదా, ఇంకా మొహమాటపడుతున్నట్టుంది. శుక్రవారానికీ పలక్కపోతే రాసిపెట్టి లేదనుకుని నాలుగు ముక్కలు మాట్లాడేసి కూర్చోండి. కొట్టు వదిలి రాలేను. ఇక్కణ్ణుంచే చప్పట్లు కొడతాను.

విధేయుడు, బావమరిది

తా.క.: అక్క చెప్పింది, నలభై నిమిషాల పాటా బావగారూ?

బావమరిదికి. ఈసారి ఆశీస్సులు లేవు.

సభలోనూ స్పీకరు మూగనోము పట్టింది. మా అటెండరు వచ్చి, పిన్నుని గోటితో గీరి, దానికి అంటుకుపోయిన సన్నటి ప్లాస్టిక్ తొడుగు లాగేశాడు. "సార్, ఇది కంపెనీది కాదు, ఎవరో కత్తిరించి తొడిగారు" అన్నాడు. అంతే, హాలు దద్దరిల్లింది. నా పాటతో కాదు, మీ అక్క గొంతుతో! ఆ ఎర్ర బొత్తం రికార్డు చేసేదట. చివర చేసింది ముందు పలుకుతుందట.

"తొడుగు భలే తొడిగావురా తమ్ముడూ! ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ గొంతు నేనొక్కదాన్నే భరిస్తున్నాను. పాపం, ఆఫీసువాళ్లేం చేశార్రా?"

నవ్వులు, ఈలలు. మళ్లీ వెయ్యమని గోల. మా ఆఫీసు మొత్తం ఒకే మాట మీదికి రావడం నా సర్వీసులో అదే మొదలు. నా పాట మాత్రం ఒక్కడూ అడగలేదు. నిజంగా బాధేసిందిరా.

నీ బావ

తా.క.: నోటిమాటకీ రుజువుంటుందని తెలిసింది. ఆదివారం స్పీకరుతో మీ ఇంటికొస్తున్నాం. నలభై నిమిషాలూ కూర్చోవాలి. తొడుగు పారేశాను. మీ అక్క ఇప్పట్నుంచే దూది వెతుక్కుంటోంది.