తోకలో కన్నున్న చేప

నేత శిక్షణ కేంద్రం మాస్టారికి సెబతి జేజి చెప్పి రాయిస్తున్న మాట.

సంబల్‌పూర్ ప్రదర్శనలో మా మనవరాలు సెబతి పేరు పెట్టి మీరు వేలాడదీసిన తువ్వాలు అది నేసింది కాదు. నమూనాకని మీరు పట్టుకుపోయిన నా తువ్వాలది. చదువు రాదు గానీ, నా చేతి ముడి నాకు తెలియదా?

రంగులో ముంచే ముందు నూలుకు ముళ్ళు కట్టేటప్పుడు సెబతి లెక్క తప్పింది. మగ్గమెక్కాక చూస్తే తువ్వాలు మీది చేపకు కన్ను తోకలో పడింది. "ఇది ఎటు పోతోందే, అత్తారింటికా, పుట్టింటికా?" అన్నాను. మూతి ముడిచింది, తర్వాత తనే నవ్వింది. మర్నాడే కొత్త నూలు ముందేసుకుంది.

అంతలో పిల్ల చిన్నబుచ్చుకుంటుందని జాలిపడి మీరు దాని తువ్వాలు మీ దగ్గరే దాచి, నాదానికి దాని పేరు పెట్టి, బహుమతి కప్పు ఇచ్చారు. ఇప్పుడు నూలు ముట్టమంటే, "కప్పొచ్చిందిగా జేజీ, ఇంకెందుకు?" అంటోంది. నా చెడిపోయిన మొదటి తువ్వాలుతోనే, మంచిది నేసేదాకా, మా అత్త నన్ను ఒళ్ళు తుడుచుకోమంది. అలా నేర్చుకున్నాను నేను.

కప్పు తిప్పి పంపుతున్నాను. దాని చేప తువ్వాలు దానికి పంపండి.

ఈ ఉత్తరం రాస్తున్నది సెబతే. కప్పు పంపే మాట దగ్గర రెండుసార్లు కొట్టేసి, మూడోసారి రాసింది. కొట్టివేతలు అలాగే ఉంచమన్నాను.